నాలుగడుగులు వేస్తే కాళ్లు లాగేస్తాయి, కూర్చుంటే హాయి: పెద్దవాళ్లలో నడుము స్టెనోసిస్

అరవై ఐదేళ్లు దాటిన మనిషి. వీధి చివరిదాకా నడవలేడు కానీ సైకిలెక్కితే పక్క ఊరికి వెళ్లొస్తాడు. ఇంకో ఆవిడ సూపర్ మార్కెట్లో బండి తోసుకుంటూ గంటసేపు తిరుగుతుంది. అదే గుడి క్యూలో పది నిమిషాలు నిలబడితే పిరుదుల నుంచి పిక్కల దాకా బరువెక్కి, తిమ్మిరెక్కి, కూర్చోడానికి ఏదైనా గట్టు ఉందా అని వెతుక్కుంటుంది. ఇంట్లోవాళ్లకి ఇది వింతగా తోస్తుంది, ఒక్కోసారి సాకులా కూడా కనిపిస్తుంది. సాకు కాదు. లంబార్ స్పైనల్ స్టెనోసిస్‌ని, అంటే నడుము భాగంలో నరాలు దిగే దారి ఇరుకైపోవడాన్ని, పట్టించేది సరిగ్గా ఈ తేడానే.

లోపల జరిగేది ఇది. వెన్నుపాము నడుము పైభాగంలో, ఎల్1-ఎల్2 దగ్గరే (నడుము పూసల్ని పైనుంచి కిందికి ఎల్1 నుంచి ఎల్5 దాకా లెక్కిస్తారు) ఆగిపోతుంది. అక్కణ్ణుంచి కాళ్లకీ మూత్రాశయానికీ మలద్వారానికీ వెళ్లే నరాలు ఒక పొర సంచిలో కట్టగా కిందికి దిగుతాయి. ఆ సంచి చుట్టూ ఉన్న ఎముక దారి మామూలుగా ముందు నుంచి వెనక్కి 15 మిల్లీమీటర్లకు పైనే ఉంటుంది. వయసుతో ముందువైపు డిస్క్ ఎత్తు తగ్గి ఉబ్బుతుంది. వెనకవైపు ఫెసెట్ కీళ్లు, అంటే పూసల్ని ఒకదానితో ఒకటి కలిపే చిన్న కీళ్లు, అరిగి లావెక్కుతాయి. వాటి మధ్య ఉండే లిగమెంటమ్ ఫ్లేవమ్ అనే పసుపు రంగు బంధనం మందమై లోపలికి ముడుచుకుంటుంది. మూడూ కలిసి దారిని నొక్కేస్తాయి. అన్నిటికన్నా ఎక్కువగా ఎల్4-ఎల్5 దగ్గర, తర్వాత ఎల్3-ఎల్4 దగ్గర. కొందరిలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, ఎల్4 పూస ఎల్5 మీద కాస్త ముందుకు జారి ఇరుకును ఇంకా పెంచుతుంది. పుట్టుకతోనే దారి సన్నగా ఉన్నవాళ్లకి ఈ బాధ నలభై, యాభైల్లోనే మొదలవుతుంది.

నిటారుగా నిలబడినా వెనక్కి వాలినా ఆ బంధనం మరింత లోపలికి మడత పడి దారి బిగుస్తుంది. ముందుకు వంగితే, కూర్చుంటే, గొంతుక్కూర్చుంటే తెరుచుకుంటుంది. సైకిలూ, తోపుడు బండీ ఎందుకు ఇబ్బంది పెట్టవో దీన్నిబట్టే తెలుస్తుంది. అలిపిరి మెట్లు ఎక్కేటప్పుడు మనిషి ముందుకు వాలతాడు, దిగేటప్పుడు నడుము వెనక్కి వాలుతుంది. అందుకే స్టెనోసిస్ ఉన్నవాళ్లలో చాలామందికి ఎక్కడం కన్నా దిగడమే కష్టం. దిగేటప్పుడు మోకాళ్ల అరుగుదలా బాధపెడుతుంది కదా అంటారేమో. నిజమే, కానీ ఆ నొప్పి మోకాలి దగ్గరే ఉంటుంది. పిరుదుల్లో మొదలై తొడ వెనకగా పిక్కలోకి పాకితే నడుమును అనుమానించాలి. రెండూ ఉన్నవాళ్లూ తక్కువేం కాదు. మోకాలి ఆపరేషన్ అయ్యాక కూడా ‘నడక మారలేదు’ అనేవాళ్లలో కొందరికి అసలు చిక్కు నడుములో ఉంటుంది.

ఇంట్లోనే చేయగల పరీక్ష

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఒక పని చేయండి. చదునైన చోట, తన మామూలు వేగంతో, చేతికర్ర గానీ ఎవరి భుజం గానీ పట్టుకోకుండా, పెద్దాయన్ని నడవమనండి. పడిపోతారన్న భయం ఉంటే ఒకరు పక్కనే నడవాలి. ఎన్ని నిమిషాలకి ఆగాల్సి వచ్చిందో రాసుకోండి. అరగంట దాటితే చాలు, ఆపేయొచ్చు. ఆగాక ముందు నిలబడే ఉండమనండి. రెండు మూడు నిమిషాలు నిలబడితే నొప్పి తగ్గుతోందా, లేక కూర్చుంటేనే, వంగితేనే తగ్గుతోందా? మొత్తం పరీక్షలో ఎక్కువ సమాచారం ఇచ్చే ప్రశ్న ఇదే.

నిలబడితే చాలు తగ్గిపోతే, నొప్పి ప్రధానంగా పిక్కల్లోనే ఉంటే, పైగా పొగ, షుగర్, గుండె జబ్బు లాంటివి ఉంటే, కాలి రక్తనాళాలు పూడుకున్నాయేమో చూడాలి. పాదం మీద, మడమ లోపలివైపు నాడి అందుతోందా అని తడిమి చూస్తారు. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 కన్నా తక్కువ వస్తే రక్తప్రసరణ తగ్గినట్టే. షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లలో రక్తనాళాల గోడలు గట్టిపడి ఈ లెక్క దొంగ ‘నార్మల్’ చూపిస్తుంది. 1.4 దాటితే దాన్ని నమ్మకుండా, రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్ చేయించాలి. ఈ పరీక్ష పెద్ద ఖర్చు కాదు, అయినా చాలాచోట్ల దీన్ని వదిలేసి నేరుగా ఎంఆర్ఐకి పంపేస్తున్నారు.

అరికాళ్లలో మంటలు, సూదులు గుచ్చినట్టు ఉండటం, రాత్రి పడుకున్నాక ఎక్కువవడం, రెండు పాదాలకూ సాక్సు తొడిగినంత మేర సమానంగా మొద్దుబారడం, ఇవి నడుము లక్షణాలు కావు. షుగర్ వల్ల గానీ బీ12 లోపం వల్ల గానీ పాదాల చివరి నరాలు దెబ్బతిన్నప్పుడు ఇలా ఉంటుంది. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతున్న శాకాహారులకి బీ12 రక్తపరీక్ష తప్పనిసరి. గజ్జల్లో నొప్పి, కాలు మీద కాలు వేసుకోవడం కష్టం, సాక్సు తొడుక్కోలేకపోవడం ఉంటే తుంటి కీలు చూడాలి. తొడ పక్కన ఎముక మీద నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చి, ఆ వైపు పడుకోలేకపోతే అది అక్కడి కండరాల బంధనాల వాపు.

డాక్టర్ గదిలో స్టెనోసిస్ మనిషిని మంచం మీద పడుకోబెట్టి చూస్తే చాలాసార్లు అంతా బాగానే ఉంటుంది. కాలు పైకెత్తినా నొప్పి రాదు, బలమూ తగ్గదు. అందుకే అయిదు నిమిషాల్లో ‘ఏమీ లేదు, వయసు’ అన్న మాట వినాల్సి వస్తుంది. పరీక్షించేవాళ్లు ఆ మనిషిని నడిపించి చూడాలి. పాదాలు ఎడంగా వేసి నడవడం, కళ్లు మూసి నిలబడితే తూలడం, బొటనవేలు పైకి లేపే బలం ఒకవైపు తగ్గడం, ఇవన్నీ దొరికితే విలువైన సూచనలు. కాళ్లు బిగుసుకుపోయి, మోకాలి దగ్గర కొడితే కాలు ఎగిరిపడి, చొక్కా బొత్తాలు పెట్టుకోవడం కూడా కష్టమవుతుంటే మాత్రం చూడాల్సింది నడుము కాదు, మెడ. మెడలోనూ నడుములోనూ ఇరుకు ఉన్నవాళ్లలో ముందు మెడ సంగతి తేల్చుకోవాలి.

నల్గొండ, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చేవాళ్ల విషయంలో ఒక మాట అదనంగా చెప్పాలి. పాత నెల్లూరు జిల్లా ప్రాంతంలో నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు చెడటాన్ని 1937లోనే డాక్టర్లు రాసిపెట్టారు. ఫ్లోరోసిస్‌లో వెన్ను బంధనాలు ఎముకలా గట్టిపడతాయి. అదీ నడుములోనే కాదు, ఛాతీ వెనక భాగంలోనూ మెడలోనూ. ఎక్స్‌రేలో పూసలు మామూలుకన్నా చిక్కగా తెల్లగా కనిపిస్తాయి. అలాంటి మనిషికి నడుం ఎంఆర్ఐ ఒక్కటే తీసి ఆపేస్తే, పైన వెన్నుపామును నొక్కుతున్న చోటు తప్పిపోతుంది. మొత్తం వెన్ను స్క్రీనింగ్ అడిగి తీయించుకోవాలి.

ఎంఆర్ఐ రిపోర్టును ఎలా చదవాలి

ఎంఆర్ఐ అవసరమే. అయితే అది నిర్ధారణకు తోడు మాత్రమే. 1990లో అమెరికాలో నడుంనొప్పి అసలు ఎన్నడూ లేనివాళ్లకి ఎంఆర్ఐ తీసి చూశారు. అరవై దాటినవాళ్లలో 21 శాతం మందికి స్టెనోసిస్ కనిపించింది. నడకలో ఏ బాధా లేని మనిషికి రిపోర్టులో ‘సివియర్ కెనాల్ స్టెనోసిస్’ అని రాసి ఉన్నా ఆ ఫిల్ముకి వైద్యం చేయక్కర్లేదు. బాధ కథ ఒకచోట చెబుతుంటే ఫిల్ము ఇంకోచోట చూపిస్తుంటే కథనే నమ్మాలి, లేదా కారణం మళ్లీ వెతకాలి.

ఈ జబ్బును ఒక స్పష్టమైన రూపంలో వివరించిన డచ్ న్యూరోసర్జన్ హెంక్ వెర్బీస్ట్ 1950ల్లో దారి వెడల్పును కొలిచేవాడు. 10 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఖాయంగా ఇరుకు, 10 నుంచి 12 దాకా అయితే కొంత ఇరుకు అన్న లెక్క అక్కణ్ణుంచి వచ్చిందే. ఇప్పుడు నరాల సంచి అడ్డుకోత వైశాల్యాన్ని చూస్తారు. 100 చదరపు మిల్లీమీటర్ల లోపు ఇరుకు, 75 లోపు బాగా ఇరుకు. అంకెల కన్నా పనికొచ్చేది ఇంకొకటుంది. అడ్డుకోత చిత్రంలో నరాల చుట్టూ తెల్లగా నీరు కనిపిస్తుందా? కనిపిస్తే పరిస్థితి ఇంకా తేలికగానే ఉన్నట్టు. నీరు పూర్తిగా మాయమై నరాలన్నీ ఒకే బూడిదరంగు ముద్దలా ఉంటే ఇరుకు తీవ్రం. రేడియాలజిస్టును నేరుగా అడగొచ్చు, చెబుతారు.

ఎంఆర్ఐ పడుకోబెట్టి, చాలాసార్లు మోకాళ్ల కింద దిండు పెట్టి తీస్తారు. అంటే దారి ఎక్కువగా తెరుచుకునే భంగిమలో. నిలబడినప్పటి పరిస్థితి అంతకన్నా ఇరుకు. పూస జారిందేమో తెలియాలంటే నిలబెట్టి, ముందుకీ వెనక్కీ వంచి తీసే మామూలు ఎక్స్‌రేలే నయం. వందల రూపాయల్లో అయిపోయే ఈ ఎక్స్‌రేలు లేకుండా పూసల్ని స్క్రూలతో బిగించే ఆపరేషన్ దాకా వెళ్లడం సబబు కాదు.

రోజువారీ సర్దుబాట్లు

వినడానికి చప్పగా ఉంటుంది గానీ, ఇక్కడే ఎక్కువ లాభం. స్టెనోసిస్ అంటే ఇవాళో రేపో మంచాన పడిపోవడం కాదు. తేలిక, మధ్యరకం ఇరుకులో మూడో వంతు నుంచి సగం మంది దాకా ఆపరేషన్ లేకుండానే ఏళ్ల తరబడి బాగానే నెట్టుకొస్తారు. హఠాత్తుగా కాళ్లు చచ్చుబడటం అరుదు.

‘రోజూ గంట నడవాలి’ అన్న నియమం వీళ్లకి నేరుగా పనికిరాదు. ఆరు నిమిషాలకి కాలు లాగుతుంటే నాలుగు నిమిషాలు నడవాలి. నొప్పి రాకముందే రెండు నిమిషాలు కూర్చోవాలి. మళ్లీ నాలుగు. ఇలా నాలుగైదు విడతలు, రోజుకి రెండుసార్లు. నొప్పిని పళ్లబిగువున ఓర్చుకుని నడిస్తే నరం బలపడదు. పార్కులో బెంచీల మధ్య దూరాన్నిబట్టి దారి ఎంచుకోవడం తెలివైన పని. చక్రాలూ బ్రేకులూ ఉన్న వాకర్ హ్యాండిల్‌ని మామూలుకన్నా ఒక మెట్టు దించితే ముందుకు వాలడం కుదురుతుంది, నడక దూరం వెంటనే పెరుగుతుంది. ఒంటి చేతికర్ర ఆ మేలు చేయదు, అది తూలకుండా ఆపడానికే. నామోషీ అని వాకర్ వద్దనేవాళ్లకి చేతిలో తోపుడు బండి ఉన్నప్పటి నడకను గుర్తుచేస్తే సగం ఒప్పుకుంటారు.

కదలకుండా ఉండే సైకిల్ మంచి వ్యాయామం. తేలిక బిగువుతో పది నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి రెండేసి నిమిషాలు పెంచుకుంటూ అరగంట దాకా వెళ్లొచ్చు. వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలినీ ఛాతీ దగ్గరికి లాక్కుని 20 సెకన్లు ఉంచడం, అటు మూడు ఇటు మూడు. మోకాలు మార్పిడి అయినవాళ్లు మోకాలి మీద కాక తొడ వెనక పట్టుకోవాలి. తర్వాత మోకాళ్లు మడిచి నడుమును నేలకి అదిమి అయిదు సెకన్లు, పదిసార్లు. పిరుదులు పైకెత్తడం పదిసార్లు, నడుము విల్లులా వంగనంత ఎత్తుకే. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం అయిదుసార్లతో మొదలు. తొడ ముందు కండరం బిగుసుకుపోతే నడుమును వెనక్కి లాగేస్తుంది. దానికి మంచం అంచున పడుకుని ఒక మోకాలు ఛాతీకి లాక్కుని, రెండో కాలు కిందికి వేలాడదీసి 30 సెకన్లు. మొత్తం పావుగంట పని. ఫలితం చూడటానికి కనీసం ఆరు వారాలు ఇవ్వాలి.

నడుంనొప్పి అనగానే వీడియోల్లో చూపించే భుజంగాసనం, శలభాసనం, ధనురాసనం వీళ్లకి పడవు. డిస్క్ జారిన కుర్రవాడికి ఉపయోగపడేది తాతగారికి కాళ్లు లాగేలా చేస్తుంది. ఇంకో హెచ్చరిక: ఎముకలు గుల్లబారి ఇదివరకే పూస నలిగిన ఆడవాళ్లకి కూర్చుని ముందుకు బాగా వంగే ఆసనాలు, సిట్-అప్‌లు ప్రమాదం. పడుకుని మోకాలు లాక్కోవడం దాకా సరే, అది కూడా ఫిజియోథెరపిస్టును అడిగి.

వంటగదిలో గట్టు కింద అరడుగు ఎత్తు పీట వేసి, కాళ్లు మార్చి మార్చి ఒక పాదం దాని మీద పెడితే నిలబడే సమయం పెరుగుతుంది. కూరలు తరగడం కూర్చునే. డబ్బాలు పై అరలోంచి కింది అరలోకి. దండెం భుజాల ఎత్తుకి దించాలి. బట్టలు ఆరేస్తూ పైకి చూసి వెనక్కి వాలడం నొప్పికి మూలమని చాలామందికి తట్టదు. పడుకునేటప్పుడు పక్కకి తిరిగి మోకాళ్ల మధ్య దిండు, బోర్లా వద్దు. నడుం బెల్టు ప్రయాణానికీ క్యూకీ గంటా రెండు గంటలు సరే. పొద్దున్నుంచి రాత్రి దాకా కట్టుకుంటే కండరాలు బలహీనపడొచ్చు.

మందులు, ఇంజెక్షన్లు

మన దగ్గర చీటీ దాదాపు ఒకేలా ఉంటుంది: ప్రీగాబాలిన్ (నరాల నొప్పి మందు), మిథైల్‌కోబాలమిన్ (బీ12 విటమిన్‌లో ఒక రకం), నార్ట్రిప్టిలిన్ కలిసిన మాత్ర, పైన నొప్పి మాత్ర. 2021లో వచ్చిన కెనడా మార్గదర్శకాలు నరాల నొప్పితో నడవలేని స్టెనోసిస్‌కి నొప్పి మాత్రలు, ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, మిథైల్‌కోబాలమిన్, ఓపియాయిడ్లు (మార్ఫిన్ జాతి మందులు) వద్దన్నాయి. లాభానికి ఆధారాలు లేవన్నది వాళ్ల వాదన. నార్ట్రిప్టిలిన్ రకం లేదా డులోక్సెటిన్ రకం మందును ప్రయత్నించి చూడొచ్చన్నాయి, అదీ బలమైన సిఫారసేం కాదు. బీ12 నిజంగా తక్కువ ఉంటే వేయాల్సిందే, అది వేరే లెక్క.

పెద్దవయసులో ఈ మందులు చేసే నష్టం మాత్రం ఖాయం. ప్రీగాబాలిన్‌తో మగత, తూలు, కాళ్ల వాపు. కిడ్నీ పనితీరును బట్టి మోతాదు తగ్గించాలి, హఠాత్తుగా మానకూడదు. రాత్రి బాత్రూమ్‌కి లేచి పడిపోయి తుంటి విరగ్గొట్టుకోవడానికి ఇది ఒక దగ్గరి దారి. నార్ట్రిప్టిలిన్, అమిట్రిప్టిలిన్‌తో నోరెండిపోవడం, మతిమరుపు, ప్రోస్టేట్ సమస్య ఉన్నవాళ్లకి మూత్రం ఆగిపోవడం. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు బీపీ మందులతో, నీరు తీసే మాత్రలతో కలిస్తే కిడ్నీలకి దెబ్బ. నొప్పి ముదిరిన నాలుగు రోజులు తప్ప వాడకపోతేనే మంచిది.

నడుములో నరాల సంచి చుట్టూ ఉన్న చోట వేసే ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి 2014లో అమెరికాలో 400 మంది మీద జరిగిన పరీక్ష ఒకటుంది. సగం మందికి స్టెరాయిడ్, మత్తుమందు కలిపి, సగం మందికి మత్తుమందు ఒక్కటే ఇచ్చారు. ఆరు వారాలకి చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒక వైపు కాలులోకి సూటిగా దిగే నొప్పి ఉన్నవాళ్లకి కొన్ని వారాల ఉపశమనం దొరకొచ్చు. మూడు ఇంజెక్షన్ల ప్యాకేజీ అని ముందే డబ్బు కట్టించుకునేచోట ఆలోచించాల్సిందే. షుగర్ ఉన్నవాళ్లకి ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు చక్కెర బాగా పెరుగుతుంది, రోజూ చూసుకోవాలి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

ఆగకుండా వెళ్లాల్సిన సందర్భాలు

మూత్రం పోయాలన్న స్పృహ తెలియకపోవడం, మూత్రం ఆగిపోవడం, మలం తెలియకుండా పడిపోవడం, జీను ఆనే చోట, అంటే మర్మాంగాలు, మలద్వారం చుట్టూ మొద్దుబారడం, పాదం వేలాడిపోవడం, రెండు కాళ్లూ గంటల్లో, రోజుల్లో బలహీనపడటం. వీటిలో ఏది వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు వెన్ను సర్జన్ ఉన్న ఆసుపత్రికి. ప్రోస్టేట్ సమస్య ఉన్న మగవాళ్లలో మూత్రం సంగతి ‘అదెప్పుడూ ఉన్నదే’ అని కొట్టిపారేస్తారు. తుడుచుకునేటప్పుడు స్పర్శ తెలుస్తోందా అని అడిగితే తేడా తెలిసిపోతుంది. జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, ఇదివరకు క్యాన్సర్ చరిత్ర, పడ్డాక మొదలైన నొప్పి ఉంటే అది స్టెనోసిస్ కథ కాదు. టీబీ, గడ్డ, నలిగిన పూస వెతకాలి. మన దేశంలో వెన్ను టీబీని మరచిపోవడం తగదు.

ఆపరేషన్

మూడు నుంచి ఆరు నెలలు పైన చెప్పినవన్నీ చేసినా రోజువారీ బతుకు కుదించుకుపోతూ, కథా ఫిల్మూ ఒకే చోటును చూపిస్తుంటే ఆపరేషన్ ఆలోచించొచ్చు. వయసు ఒక్కటే అడ్డంకి కాదు. అసలు పని డీకంప్రెషన్, అంటే వెనకవైపు ఎముక, మందమైన బంధనం కొంత తీసి నరాలకి చోటు ఇవ్వడం. అమెరికాలో 2008లో వెలువడిన పెద్ద అధ్యయనంలో చేయించుకున్నవాళ్లు రెండేళ్ల దాకా మెరుగ్గా ఉన్నారు, తర్వాతి ఏళ్లలో ఆ తేడా తగ్గుతూ వచ్చింది. 2015లో 169 మందిని ఆపరేషన్, ఫిజియోథెరపీ జట్లుగా విడదీసి చూస్తే రెండేళ్లకి ఇద్దరిదీ ఇంచుమించు ఒకే ఫలితం. కాకపోతే ఫిజియోథెరపీ జట్టులో 57 శాతం మంది మధ్యలో ఆపరేషన్‌కి వెళ్లారు. రెండు వైపులవాళ్లూ ఈ పరీక్షను తమకు అనుకూలంగానే చదువుతారు. మా లెక్కలో దానర్థం: ముందు వ్యాయామం చేసి చూడటం వల్ల పోయేదేమీ లేదు, సరిపడకపోతే ఆపరేషన్ దారి మూసుకుపోదు.

స్క్రూలు, రాడ్ల సంగతి వేరు. 2016లో స్వీడన్‌లో 247 మంది మీద చేసిన పరీక్షలో డీకంప్రెషన్‌కి ఫ్యూజన్ (స్క్రూలు, రాడ్లతో పూసల్ని కలిపి అతికించడం) జోడించినందువల్ల అదనపు లాభం కనిపించలేదు. పూస జారినవాళ్ల మీద నార్వేలో 267 మందితో చేసి 2021లో ప్రచురించినదీ అటే మొగ్గింది. అదే 2016లో ఒక చిన్న అమెరికా పరీక్ష మాత్రం కొంత లాభం చూపించింది. ప్రాణాపాయ సమస్యలు సంక్లిష్టమైన ఫ్యూజన్లలో 5.6 శాతం, ఉత్త డీకంప్రెషన్‌లో 2.3 శాతం అని 2010లో వెలువడిన అమెరికా మెడికేర్ (పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా) లెక్కలు. కాబట్టి స్క్రూలు అన్నప్పుడు ‘ఎందుకు?’ అని అడగండి. వంచి తీసిన ఎక్స్‌రేలో పూస కదులుతోంది, గూని లేదా పక్కవంపు ఉంది, నరాన్ని వదిలించాలంటే కీలు ఎక్కువగా తీయాలి, ఇవి సరైన జవాబులు. ‘అందరికీ వేస్తాం’ అంటే రెండో అభిప్రాయం తీసుకోండి.

చేరేముందు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) 8 లోపుకి తెచ్చుకోవాలి, స్క్రూలైతే ఎముక సాంద్రత పరీక్ష, పొగ మానడం, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే మందులు ఎప్పుడు ఆపాలో గుండె డాక్టర్‌తో తేల్చుకోవడం. ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్లలో ఒకటి రెండు రోజులు అయోమయం రావడం మామూలే. కళ్లద్దాలు, వినికిడి యంత్రం దగ్గరుంచితే తగ్గుతుంది. మరుసటి రోజే లేపి నడిపిస్తారు. నడిస్తే లాగే నొప్పి ముందుగా తగ్గుతుంది, మొద్దుబారడం నెలలు తీసుకుంటుంది, పూర్తిగా పోకపోవచ్చు కూడా. పాత నడుంనొప్పి కొంత మిగిలే ఉంటుంది, దానికోసం ఈ ఆపరేషన్ చేయరు. మొదటి మూడు రోజుల్లో కాళ్ల బలం మళ్లీ పడిపోతుంటే, మూత్రం ఆగిపోతే లోపల రక్తం గడ్డ కట్టి నొక్కుతుండొచ్చు. రాత్రి రెండింటికైనా సరే నర్సును పిలిచి, సర్జన్‌కి ఫోన్ చేయించండి.